మచ్చల ఎద్దు గిట్టలు

ఆగస్టు పదిహేను. ఆ సాయంత్రం తిన్నది జొన్నరొట్టె, పుంటికూర. రెండో ముద్ద దగ్గరే సింధుజ ఆగిపోయింది.

“మన మచ్చల ఎద్దు మళ్ల అచ్చింది రా, పండరీ,” అంది నాయనమ్మ పోసవ్వ. “పొద్దుగూకంగ మీది అర్రల గిట్టల సప్పుడు ఇనొస్తుంది. టక్, టక్ అని.”

సింధుజ నాన్న పండరి చేతిలోని రొట్టె పళ్ళెంలోకి జారింది. “ఏందవ్వా, గట్లంటవ్?”

“ముసలిదైందని అంగట్ల అమ్మితివి. తొవ్వలనే పానం ఇడిసె. ఊకుంటదా?”

సింధుజ తలెత్తలేదు. మేడ మీది గదిలో మోగే ఆ గిట్టలు తనవే.

పక్కింటి బిందుమాధవి వాళ్ళ టీవీలో చూసిన పాత ఇంగ్లీషు సినిమా చేసిన పని అది. నలుపు తెలుపు బొమ్మ. ఒకే ఇంటి పిల్లలంతా ఆడి, పాడి, నవ్వించి, మూతపడబోయే తమ నాటకశాలను నిలబెడతారు. వాళ్ళ బూట్ల కింద ఇనుప బిళ్ళలు. అడుగేస్తే చాలు, అదే తాళం. తమ బాన్సువాడలో అలాంటి బూట్లెక్కడివి? కొట్టంలో పడున్న ఎద్దు లాడాలను సింధుజ తన పాత బడిబూట్లకు జిగురుతో అంటించింది. ఊడిపోయాయి. మర్నాటికి ఎవరో మేకులు కొట్టి పెట్టారు. బిందు పనే అనుకుంది.

రుద్రూర్‌లో బడిపిల్లల నృత్య పోటీ దగ్గరపడింది. ఇంట్లో తెలిస్తే? నిరుడు పెళ్ళి బరాతులో నాలుగు అడుగులు వేసినందుకే నాన్న అన్నాడు: “ఇంకోపారి ఎగిరినవో, బడి బంద్!” అక్క వందన చదువు అలాంటి మాటతోనే ఆగిపోయింది.

పోటీ ముందు రోజు సాయంత్రం, మీది అర్రలో ఆట సాధన మధ్యలో, కింద బండి ఆగిన చప్పుడు. నాన్న పొలం నుంచి తొందరగా వచ్చేశాడు. ఉలికిపాటులో ఆమె కాలు జారింది. టక్! ఎడమ బూటు లాడం ఊడి వేలాడింది.

“ఇగ సూస్త, ఎద్దో దయ్యమో!” కర్ర నేలకు కొట్టుకుంటూ పండరి మెట్లెక్కుతున్నాడు.

సింధుజ బూట్లు విప్పి వడ్ల బస్తాల వెనక నక్కింది. వేలాడే లాడం చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుంది.

“ఒద్దు కొడుకా!” అవ్వ అరుపు. “అమ్మినోని కోసమే అచ్చింది అది. నీ మొకం సూస్తే ఇడుస్తదా? నా మీద ఒట్టు, దిగు!”

అడుగులు ఆగాయి. కాసేపటికి దిగిపోయాయి.

సింధుజకు అవ్వ మీద జాలేసింది. ముసలి ప్రాణాన్ని ఎంత భయపెడుతోంది తను! పోటీ అయ్యాక నిజం చెప్పేయాలి. కానీ రేపు ఊడిన లాడంతో ఆడేదెట్లా? బూట్లను బస్తాల చాటునే వదిలి, కిందికొచ్చి పడుకుంది.

ఇల్లు సద్దుమణిగింది. మీది అర్రలో సన్నగా... టక్, టక్.

పండరి దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. సింధుజకు ఒళ్ళు జలదరించింది. తను కిందే ఉంది కదా!

పైన పోసవ్వ ఊడిన లాడానికి ఆఖరి మేకు బిగించి, మెల్లగా తలుపు మూసింది.