గాలి చాటు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే: అమ్మ, కాలేజీ సైకిల్ జట్టు కెప్టెన్ అక్క, మొదటి పోటీలోనే అక్కను దాటి గెలిచొచ్చిన చెల్లెలు. ఈ పోటీలో గెలిచిన ఒక్కరినే యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారు. అక్కకిది ఆఖరి ఏడాది.

"పిల్లకాకి అనుకున్నాం, ఎంత పని చేసిందే!" అంది అమ్మ. "ఆయాసం కూడా రాలేదటగా?"

"అక్క వెనకాలే తొక్కానమ్మా. గాలంతా అక్కకే తగిలింది. చివరి మలుపులో పక్కనుంచి దాటేశాను."

గది గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న అక్క తలెత్తింది. "నేను మోచెయ్యి ఊపితే చూళ్ళేదా?"

"చూశా. మరీ దగ్గరికి రావద్దంటున్నావనుకున్నా."

"అలిసిపోయాను, కాసేపు నువ్వు ముందుండి గాలికి అడ్డం కాయవే అని."

చెల్లెలికి పోటీ గుర్తొచ్చింది. దారి పొడవునా ఆ మోచెయ్యి ఊగుతూనే ఉంది.

"అక్కా, నేను జట్టులోకి రానని కోచ్ సార్‌తో చెప్పేస్తా. నువ్వే వెళ్ళు."

"నాకు ముష్టి వెయ్యకు. అది నీ చోటు, నువ్వే వెళ్ళు. రేపు ప్రాక్టీసులో మాత్రం ముందు నువ్వుండాలి, గాలెంత బరువో తెలుస్తుంది."

"అక్కా..." అంటూ చెల్లెలు గుమ్మందాకా వెళ్ళింది. అక్క తలుపు వేసేసుకుంది.