ఓడిపోవడం రాని కంప్యూటర్

"నాకొద్దయ్యా ఇది. మళ్లీ పాతదే పెట్టు," అన్నారు మామగారు, చదరంగంలో వరసగా మూడో ఆట ఓడిపోయి.

అల్లుడి ప్రాణం ఉసూరుమంది. ఆదివారమంతా తగలేసి చేసిన పని అది. మామగారిది లైనక్స్ కంప్యూటర్. దాని లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఆ లోపలి కంప్యూటర్‌లో పాత విండోస్, అందులో ఆయనకు ప్రాణమైన చదరంగం. లైనక్స్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఆ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తోందని అల్లుడు దాన్ని పీకేసి కొత్తది వేశాడు. విండోస్‌ని చెక్కు చెదరకుండా అందులోకి మార్చాడు. ఆట తెరిస్తే ఎందుకో ప్రత్యర్థి దొరకలేదంది. 'కంప్యూటర్‌తో ఆడు' అనే బటన్ తనే నొక్కి ఇచ్చాడు.

"ఇది పాతదానికంటే చాలా ఫాస్ట్ మామయ్యగారూ!"

"ఫాస్ట్ ఎవడిక్కావాలోయ్? ఎత్తు వేసీ వెయ్యగానే టక్కుమని నెత్తిన కొడుతోంది. పాతది ఆలోచించి ఆడేది. వంటింట్లో పాలు పొంగితే కాసేపు ఆగేది కూడా."

"పాలు పొంగితే కంప్యూటరెందుకు ఆగుతుందండీ?"

"ఏమో మరి. ఆగేది," అంటూ మామగారు కళ్లజోడు తుడుచుకున్నారు.

రిటైరయ్యాక ఆయన మొహంలో నవ్వు కనబడేది ఆ ఆట దగ్గరే. "ఏమోయ్, నీ ఏనుగు గోవిందా!" అని ఆయన కంప్యూటర్ మీద వేసే కేకలు పై వాటాలో కాపురముంటున్న అల్లుడిదాకా వినిపించేవి. రెండు రోజులకే ఇల్లంతా చప్పబడిపోయింది. పెద్దాయన అన్నం కూడా కెలికి వదిలేస్తున్నారు. అల్లుడికి నిజంగానే బాధేసింది.

అత్తగారు అతన్ని వంటింట్లోకి లాక్కెళ్లారు.

"కొంప ముంచావు నాయనా! ఇన్నాళ్లూ ఆయనతో ఆడింది కంప్యూటర్ కాదు, నేను."

"మీరా?"

"మెల్లిగా! పడగ్గదిలో నా లాప్‌టాప్‌లోంచి. 'కంప్యూటర్' అని పేరు పెట్టుకుని ఆడతాను. మీ పెళ్లికి ముందు అమ్మాయే రెండూ కలిపి పెట్టింది. ఎప్పుడో నా చేతిలో ఓడిపోయి, బల్లా బంట్లూ కిటికీలోంచి విసిరేసి, జన్మలో నీతో ఆడనని ఒట్టేశారు మీ మామగారు. అందుకే ఈ దొంగాట. ఆడి, కాస్త ఓడిపోతుంటాను. ఇది ఆయన చెవిన పడిందా, ఒట్టు ఒట్టే అని ఆట మానేసి మంచమెక్కుతారు."

అత్తగారు రోజూ తలుపేసుకుని వంటల వీడియోలు చూస్తున్నారనే అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు. అల్లుడికి ఇప్పుడు వెలిగింది. కొత్త సాఫ్ట్‌వేర్ లోపలి కంప్యూటర్ చుట్టూ గోడ కట్టేసింది. ఇంట్లో ఇంకే కంప్యూటర్‌కీ అది కనబడటం లేదు. నెట్‌వర్క్ సెట్టింగ్ ఒక్కటి మారిస్తే చాలు.

"చిన్న రిపేరండీ," అని మామగారికి అబద్ధం చెప్పి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎక్కడ నోరు జారతానోనని పెదవులు బిగించుకున్నాడు.

మామగారు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు. వంటింటి వైపు ఓసారి చెవి పెట్టి విన్నారు. వెనక్కి వచ్చి, అల్లుడి భుజం మీదకు వంగి గొణిగారు:

"త్వరగా కలిపెయ్ నాయనా, ఆడేది తనేనని నాకు మొదటి రోజే తెలిసిపోయిందని మీ అత్తయ్య కనిపెట్టిందంటే, నేను ఆ పాడు ఒట్టు నిలబెట్టుకోవాల్సొస్తుంది!"