తాతయ్య ఉన్నన్నాళ్లు

"తాతయ్యా, ఎడమ చెయ్యి పట్టుకుంటున్నాను. చిన్న సూది. చురుక్కుమంటుంది, అంతే."

తాతయ్య పలకలేదు. ఆయన పలకకపోయినా చెప్పే పట్టుకోవాలి. నర్సింగులో చేరిన మొదటి రోజే పెద్దమేడమ్ పెట్టిన నియమం అది. చెప్పకుండా ఒంటి మీద చెయ్యి వేసిన పిల్లకు ఆ రోజు హాజరు పడదు.

సూది ఒక్క పోటుకే దిగింది. గొట్టంలో ఎర్రగా కనిపించింది. అందుకే సూది వేసిన ఆ పిల్లను కాలేజీలో అందరూ హస్తవాసి అని పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

మంచానికి అవతలివైపు దుప్పటి సర్దుతున్న పొడుగమ్మాయి విసుక్కుంది.

"పట్టా చేతికొచ్చింది కదే, ఇంకా ఈయనకు సేవలేమిటి? సాయంత్రం ఐదులోపు ఏ ఉద్యోగమో రాసివ్వాలి. ఆ కాగితం చూశావా అసలు?"

"చివరి రోజు కదా, చెయ్యి ఊరుకోవడం లేదు."

ఉద్యోగాల కాగితం వరండాలో అంటించి ఉంది. ఓడలో నర్సు. బడిలో నర్సు. బీమా ఆఫీసులో రోగుల ఫైళ్లు చూసే నర్సు. ఫ్యాక్టరీలో ప్రథమ చికిత్స గది. పొడుగమ్మాయి ఓడకు పేరిచ్చేసింది. బకెట్టు కంటే లోతైన నీళ్లు ఆమె ఇంతవరకు చూడలేదు.

హస్తవాసి మనసు మాత్రం ఆఖరి వరస మీదే ఉంది. ఇక్కడే ఉండి, తాతయ్యను చూసుకుంటూ, కొత్తగా చేరే పిల్లలకు పని నేర్పడం. ఆ వరస పెద్దమేడమ్ ఆమె కోసమే చేత్తో రాసింది.

కానీ అమ్మ ఒప్పుకోవాలి. అమ్మకు ఫ్యాక్టరీయే కావాలి. అక్కడ అక్క మొగుడు సూపర్‌వైజరు. నర్సు గది కిటికీకి సరిగ్గా ఎదురుగా బావగారి కుర్చీ. ఎన్నింటికి వచ్చింది, ఎవరితో నవ్వింది, టీకి ఎంతసేపు వెళ్లింది, అన్నీ ఆమె ఇల్లు చేరేలోపే అమ్మ చెవిన పడిపోతాయి.

నాలుగున్నరకు ఫోను మోగింది.

"ఫ్యాక్టరీకి రాసిచ్చేశావా?"

"అమ్మా, ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాను."

"అక్కడేం పెట్టి ఉందే? బావ వాళ్ల మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు!"

"తాతయ్య ఉన్నాడు కదమ్మా."

అమ్మ గొంతు ఒక మెట్టు దిగింది. తాతయ్య సంగతి ఆమెకు నాలుగేళ్లుగా తెలుసు. చేరిన కొత్తలో కూతురు ఒకసారి, "ఇవాళ ఇక్కడి తాతయ్యకు మొదటిసారి సూది వేశాను" అంది. ఆ రోజు నుంచి ఆయనెలా ఉన్నాడని అడగనిదే అమ్మ ఫోను పెట్టదు. ఒక చలికాలం ఉన్ని టోపీ అల్లి పంపింది. అది ఇప్పటికీ ఆయన తల మీదే ఉంది.

"ఎలా ఉన్నాడు పాపం?"

"అలాగే ఉన్నాడు."

"లేచి కూర్చుంటాడంటావా?"

"తనంతట తను లేవడమ్మా."

"మాట?"

"లేదు."

"చూడ్డానికి సొంతవాళ్లెవరైనా వచ్చారా?"

"ఈ నాలుగేళ్లలో ఒక్కరూ రాలేదు."

పొడుగమ్మాయి దుప్పటి కొస నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"కొత్త పిల్లలు చూసుకోరా ఆయన్ని?"

"వాళ్లకు ఇంకా చెయ్యి తిరగలేదమ్మా. నిన్న ఒక పిల్ల నరం దొరక్క ఏడు చోట్ల పొడిచింది. ఆయన కిక్కురుమనలేదు."

"అయ్యయ్యో! దాని చేతులు పడిపోను!"

ఫోనులో కుక్కరు కూసింది. అమ్మ పొయ్యి ఆపి వచ్చింది.

"మీ నాన్నమ్మను ఆరేళ్లు మంచంలో చూశాను నేను. కొత్త చెయ్యి తగిలితే చాలు, ముడుచుకుపోయేది. నాకు తెలీదా ఆ బాధ! సరే, విను. బావకు నేను సర్దిచెబుతాను. ఆ పెద్దాయన ఉన్నన్నాళ్లు నువ్వు అక్కడే ఉండు. ఆయన పోయిన మర్నాడు మాత్రం బుద్ధిగా ఫ్యాక్టరీలో చేరాలి. మాట తప్పితే ఊరుకోను."

"నీ మీద ఒట్టమ్మా. ఆయన పోయిన మర్నాడే."

"ఎన్నాళ్లుంటాడులే పాపం, మహా అయితే ఏడాది. ఆ టోపీ తీయకు, చలిగాలి తగులుతుంది."

ఐదుకు ఐదు నిమిషాలుండగా హస్తవాసి ఆఖరి వరస ఎదురుగా సంతకం పెట్టి వచ్చింది. పొడుగమ్మాయి ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"ఎంత గడుసుదానివే! కన్నతల్లితోనా?"

"ఒక్క అబద్ధం ఆడానేమో చెప్పు."

ఆ పైన మంచం దగ్గరికి వెళ్లి, "తాతయ్యా, లేపుతున్నాను" అని నియమం ప్రకారం చెప్పి, టోపీ సర్ది, వదులైన మోకాలి మరలు రెండూ బిగించి, ఆయన్ను బీరువాలో నిలబెట్టి, తలుపు లోపల కంపెనీవాళ్లు అంటించిన చీటీని మురిపెంగా మరొక్కసారి చదువుకుంది: "శిక్షణకు రబ్బరు బొమ్మ, ముసలి మగ రోగి, గ్యారంటీ ముప్పై ఏళ్లు."