క్లిప్పుల తోడు

"నోరు తెరువమ్మా," పళ్ళ డాక్టరు రెండోసారి అడిగాడు.

కుర్చీలో అమ్మాయి తెరవలేదు. పెదాల మీద అడ్డం పెట్టుకున్న అరచెయ్యి తియ్యలేదు.

"కాలేజీలో ఎవరో ఇది నవ్వుతుంటే వీడియో తీసి అందరికీ పంపారండీ," అంది పక్కన నిలబడ్డ తల్లి. "అప్పట్నించి ఇంట్లో కూడా సరిగ్గా మాట్లాడదు. గోడవైపు తిరిగి తింటుంది."

ఎలాగో చెయ్యి తీయించి చూశాడు. పై వరసలో రెండు పళ్ళు ముందుకి తోసుకొచ్చాయి. ఒకటి పక్కదాని మీదికెక్కి కూర్చుంది. పళ్ళు మాత్రం గట్టివి. ఒక్క పుచ్చు లేదు.

"రెండు దారులున్నాయి. క్లిప్పులు వేస్తే నెమ్మదిగా సర్దుకుంటాయి. రెండేళ్ళ దాకా పట్టొచ్చు. వెనీర్లయితే, పళ్ళ ముందు భాగం అరగదీసి పైన పింగాణీ పొరలు అతికిస్తాం. తొందరగా అయిపోతుంది. కానీ అరగదీసింది మళ్ళీ రాదు. పొరలు పాడైనప్పుడల్లా మార్చుకుంటూ ఉండాలి, జీవితాంతం."

"అరగదీసెయ్యండి," అంది అమ్మాయి. లోపలికొచ్చాక ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"కాస్త ఆలోచించుకోవే," అంది తల్లి.

"ఈ పళ్ళతో తిరగలేకే చస్తున్నా. వాటికి ఇనప కంచె కూడా కట్టుకోమంటావా?"

డాక్టరు వాదించలేదు. మనుషుల్ని నోటి వరకే చూడడం ఆయనకి అలవాటైపోయింది. అంతకు మించి చూస్తే ఎక్కడో ఒకచోట తనే కనబడతాడని భయం.

తెర అవతల రెండో కుర్చీలోంచి ఒక గొంతు వినిపించింది.

"అబ్బాయ్, ఆ క్లిప్పులేవో నాకూ వేస్తావా?"

డాక్టరు తెర జరిపాడు. పళ్ళు శుభ్రం చేయించుకోడానికి కూర్చున్న ముసలాయన. ఈ తల్లీకూతుళ్ళ వెనకే బయటి హాల్లోంచి లోపలికొచ్చాడు. తాతగారు కాబోలు.

"మీకెందుకండీ? ఈ వయసులో ఎవర్ని మెప్పించాలి?"

"కింది వరస చూడు. ఆఖరి బస్సులో జనంలా ఉంది. ఒక్కడికీ కాలు పెట్టే చోటు లేదు."

అమ్మాయికి నవ్వొచ్చింది. వెంటనే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

"నొప్పి ఉంటుంది," అన్నాడు డాక్టరు.

"ఉండనీ." ముసలాయన అమ్మాయివైపు తిరిగాడు. "ఏం అమ్మలూ, నువ్వు వేయించుకుంటే నేనూ వేయించుకుంటా. నవ్వేవాళ్ళు నిన్నొదిలేసి నన్ను చూసి నవ్వుతారు. వాళ్ళకీ నేనే గిట్టుబాటు."

అమ్మాయి ఆయన్ని చాలాసేపు చూసింది.

"ముందు మీకు వెయ్యమనండి," అంది.

వేశాడు.

నెలనెలా బిగింపుకి ఇద్దరూ ఒకే రోజు వచ్చేవాళ్ళు. అమ్మాయి క్లిప్పులకి పచ్చ రబ్బర్లు అడిగితే ఆయనా పచ్చవే అడిగేవాడు. తీగ బుగ్గకి గుచ్చుకోకుండా పెట్టుకునే మైనం చెరిసగం పంచుకునేవాళ్ళు.

"తినగలుగుతున్నారా తాతయ్యా?"

"అరటిపండు కూడా ఎదురు తిరుగుతోందమ్మలూ."

డాక్టర్ని ఆయన 'అబ్బాయ్' అనే పిలిచేవాడు. మొదట్లో చిరాకేసేది, నలుగురిలో తనని కుర్రాణ్ణి చేస్తున్నట్టు. కొన్నాళ్ళకి, ఆయన వచ్చే రోజున తలుపు చప్పుడైతే చాలు డాక్టరు తల అటు తిరిగేది. ఎందుకని తనని తాను ప్రశ్నించుకోలేదు.

ముసలి చిగుళ్ళు ఆ బిగింపుకి తట్టుకోలేకపోయాయి.

"తీసేద్దాం," అన్నాడు డాక్టరు ఒకరోజు. అమ్మాయి అప్పుడే వెళ్ళిపోయింది. "పళ్ళు ఊడితే నా పూచీ లేదు."

"ఆ పిల్లకెప్పుడు తీస్తావ్?"

"ఇంకా కొన్నాళ్ళు పడుతుంది."

"అయితే నాకూ అప్పుడే."

"మనవరాలి మీద ప్రేమ చూపించుకోడానికి ఇంకో దారే దొరకలేదా మీకు? ఇది ప్రేమ కాదు, మొండితనం. నలుగురూ చూసి మెచ్చుకోవాలన్న సరదా."

గొంతు తను అనుకున్నదానికన్నా కటువుగా వచ్చింది. ఏ తాతా తన కోసం ఇలా కూర్చోలేదన్న అక్కసు అందులో ఉందని తెలుస్తూనే ఉంది.

ముసలాయన పుక్కిలించి, బేసిన్‌లోకి ఎర్రగా ఉమ్మాడు.

"బిగించు అబ్బాయ్," అన్నాడు.

డాక్టరు తీగ వదులు చేశాడు. వదులు చేసినట్టు చెప్పలేదు.

మరుసటి నెల ఆయన రాలేదు. నర్సు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తారు. "ఆయన పోయారండీ, గుండెపోటు," అని పెట్టేశారు.

డాక్టరు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఇంటి పెద్దదిక్కు పోతే క్లిప్పుల సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆ అమ్మాయి ఇక రాదు. ఇంకెక్కడికో వెళ్ళి అరగదీయించుకుంటుంది. చివరగా ఆయనతో తను అన్న మాటలే చెవిలో తిరుగుతున్నాయి.

సాయంత్రం తల్లీకూతుళ్ళు వచ్చారు.

అమ్మాయి కుర్చీలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచింది. పళ్ళు దాదాపు వరసలోకి వచ్చేశాయి. కళ్ళు మాత్రం పక్క కుర్చీ మీదున్నాయి.

"తాతయ్య ఇవాళ లేటా?"

డాక్టరు పరికరం ట్రేలో పెట్టేసి, తల్లిని తెర అవతలికి పిలిచాడు.

"పాపకి ఇంకా చెప్పలేదా?"

"ఏం చెప్పాలండీ?"

"మీ ఇంటి పెద్దాయన పోయిన సంగతి."

"మా ఇంట్లో పెద్దవాళ్ళెవరున్నారండీ? నేనూ, ఇదీ. అంతే."

"మరి... ఇన్నాళ్ళూ మీతో వస్తున్న ఆయన?"

"మాతో రాలేదే. మేమొచ్చేసరికి ఎప్పుడూ ఇక్కడే ఉండేవారు."

ఆమెకి మెల్లగా అర్థమైనట్టుంది. తెర అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆయన మీ నాన్నగారు కాదా డాక్టరుగారూ?"