నూట పద్నాలుగో రాయి

పరమేశ్ రాయికి సున్నం వేయడం సగంలో ఉండగా, శామీర్‌పేట చెరువు కట్ట దిగి ఓ పదిహేను మంది అటే రావడం కనిపించింది. బల్లపరుపు నేల మీద నడవడానికి ఒక్కొక్కరి చేతిలో రెండేసి కర్రలున్నాయి.

"ఎవలే వీళ్ళు?" అన్నాడు భార్యతో.

స్కూటర్ నీడన కూర్చుని పల్లీలు ఒలుస్తున్న సాలమ్మ తలెత్తి చూసింది. "ఎవలైతేంది. జల్దీ కానియ్యి. సూరారం పొయ్యేసరికి ఎండ మాడుస్తది. నేను సచ్చినంక నాకు గూడ గింత ముద్దుగ సున్నమేస్తవా లేదా?"

పిల్లలు పుట్టకముందు నుంచి వస్తున్నాడాయన. ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ నెలకో ఆదివారం, రిటైరయ్యాక ప్రతి ఆదివారం. గడ్డి పీకడం, రాయి కడగడం, నూట పద్నాలుగు అంకె మీద నల్లరంగు దిద్దడం. చుట్టూ అలాంటి రాళ్ళే, వరసలు వరసలుగా. మిగతావాటిని ఎవరూ పట్టించుకోవడం లేదు.

బుధవారం జేసీబీ వస్తోందని పక్క కోళ్లఫారం వాచ్‌మన్ గౌరయ్య పొద్దున్నే చెప్పాడు. ఈ జాగా తనదంటున్న బాలరాజు ఈ రాళ్ళన్నీ పీకించి ఫంక్షన్ హాల్ కడతాడట. రాయి పోతే ఇక మిగిలేదేమీ లేదు.

వచ్చినవాళ్ళ నాయకుడు భానుప్రకాశ్. నగరం వాళ్ళను సెలవురోజుల్లో పొలాల వెంట నడిపించి, యుద్ధకాలపు ఆనవాళ్ళు చూపిస్తుంటాడు. ఆ పొద్దున అప్పటికే ఒక పాత ఇటుక బట్టీని రెండో ప్రపంచయుద్ధం నాటి మందుగుండు గిడ్డంగి చేశాడు. కోళ్లఫారం గోడను సైనికుల బ్యారక్ చేశాడు. లోపల కోళ్ళు అరుస్తున్నా అందరూ ఆ గోడ పక్కన గంభీరంగా ఫొటోలు దిగారు.

ఇప్పుడు రాళ్ళ వరసలు చూసి టోపీ తీసేశాడు.

"కర్రలు పక్కన పెట్టండి," అన్నాడు మెల్లగా. "బ్యారక్ ఉందంటే దగ్గర్లో ఇదీ ఉండాలి కదా అనుకుంటూనే ఉన్నాను. చూడండి, పేర్లు లేవు. నంబర్లే. ఊరూ పేరూ తెలియని జవాన్లు."

గుంపులోంచి మాధవీలత అనే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి పరమేశ్ పక్కన నేల మీదే కూర్చుంది.

"మీరొక్కరే వస్తారా?"

"మొదట్ల అందరొచ్చెటోళ్ళు మేడం. పెండ్లాం పిల్లలను తోల్కొని వచ్చి, రాయి కాడ కొబ్బరికాయ గొట్టి, సద్ది తిని పోయెటోళ్ళు. ఒక్కొక్కలే మానుకున్నరు. నాకే మనసొప్పలె."

"ప్రభుత్వానికి చెప్పలేదా?"

"ఎక్కని ఆఫీసు లేదు. గిప్పుడు బుధవారం జేసీబీ వస్తదంట. రాళ్ళు పీకి ఫంక్షన్ హాల్ కడతరంట."

"వీళ్ళ మీద బరాత్ డ్యాన్సులా," అంది మాధవీలత.

భానుప్రకాశ్ ముందుకొచ్చాడు. "పెద్దాయనా, ఈ జవాన్లది ఏ రెజిమెంట్?"

"జవాన్లెక్కడోళ్ళు సారూ, గిది..." అన్నాడు పరమేశ్.

సాలమ్మ గట్టిగా దగ్గింది. లేచి వచ్చి మొగుడి చెవిలో అంది. "ఊకోరాదు. ఆపుతమంటే ఆపనియ్యి. నీదేం పోయింది."

పరమేశ్ నోరు మూసుకున్నాడు. ఆ మౌనాన్ని భానుప్రకాశ్ దుఃఖం అనుకుని భుజం తట్టాడు.

రెండు నిమిషాలు అందరూ తలలు వంచారు. శృతి అనే అమ్మాయి ఫోన్‌లో బ్యూగిల్ పెట్టింది. బ్యూగిల్ కంటే ముందు బౌరంపేట్‌లో గేటెడ్ విల్లాల ప్రకటన వచ్చింది. మధ్యలో కదిలితే బాగుండదని అందరూ తలలు దించుకునే దాన్ని పూర్తిగా విన్నారు.

బుధవారం జేసీబీ వచ్చింది. దాని ముందు వీళ్ళు కర్రలతో సహా బైఠాయించారు. వీళ్ళ ముందు టీవీ వాళ్ళు. జేసీబీ వెనక్కి తిరిగింది. బాలరాజు కిక్కురుమనలేదు. ఆ రాళ్ళ సంగతి చెప్పాలంటే ముందు వాటిని పాతించిన తన తండ్రి సంగతి చెప్పాల్సి వస్తుంది.

కొన్నాళ్ళకే కంచె వచ్చింది, గేటు వచ్చింది, సర్కారు వారి నీలం బోర్డు వచ్చింది. సభ పెట్టి పరమేశ్‌కు శాలువా కప్పి, అమరవీరుడి వారసుడన్నారు. రాయికి బంతిపూల దండ వేశారు. భానుప్రకాశ్ తన మాటలకు తనే కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇగ సంబురమేనా," అంది సాలమ్మ. "నీ రాయి ఎటూ పోదు."

పరమేశ్ బోర్డు చదువుతున్నాడు. ఇక్కడి రాళ్ళను ఎవరూ కదపరాదు అని ఉంది. ఆయన ముఖం వెలిగింది. దాని కింద, ఈ స్థలంలో ఎన్నటికీ ఎవరూ ఏ కట్టడమూ కట్టరాదు అని ఉంది. ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు. శాలువా భుజం మీంచి జారి సున్నపు బకెట్లో పడింది.

శృతి ఫోన్ ఎత్తి పట్టుకుని దగ్గరికి వచ్చింది. "అంకుల్, ఈ నూట పద్నాలుగో రాయి కింద ఉన్నవారు మీకు ఏమవుతారు?"

పరమేశ్ వంగి, రాయి మీద పక్కకు జరిగిన దండను సరిచేస్తూ అన్నాడు. "రెండొందల గజాలు బిడ్డా, తూర్పు మొకం, కార్నర్ ప్లాటు."