గేటు దగ్గర ఇచ్చిన మాట

“మా సువార్తమ్మగారు ఏరండీ?”

పంచాయతీ ఆఫీసు గేటు ముందు బైఠాయించిన జనంలోంచి పల్లంరాజు గట్టిగా అడిగాడు.

“నన్నడిగితే?” అన్నాడు ఎస్సై ఉదయభాస్కర్. “అభ్యర్థి మీ మనిషి. ఎక్కడున్నారో మీకే తెలియాలి.”

“దారిలో ఆపేసుంటారండి. అవతలి వర్గం వాళ్ళు పొద్దుట్నుంచి రోడ్డు మీద ప్రతి కారూ ఆపి చూస్తున్నారు. మీ పోలీసులేమో చోద్యం చూస్తున్నారు. నామినేషన్ కాగితాలన్నీ మా దగ్గర సిద్ధం. ఆవిడొచ్చి సంతకం పెడితే చాలు. ఇవాళ ఐదింటికి గడువు. దాటిందంటే ఏకగ్రీవమని మైకులో చెప్పేస్తారు.”

ఆ ఊళ్ళో సర్పంచి పదవికి ఓట్లు వేసి చాలా కాలమైంది. ప్రతిసారీ ఏకగ్రీవమే. పెద్దలు ఒకరిని అనుకుంటారు, మిగిలినవాళ్ళు నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటారు. ఈసారి పదవి ఎస్సీ మహిళకు కేటాయించారు. పెద్దలు తమ పొలంలో పనిచేసే ఒకామె చేత నామినేషన్ వేయించి నిశ్చింతగా ఉన్నారు. వాళ్ళను అడక్కుండా నిలబడతానన్నది సువార్తమ్మ ఒక్కతే.

ఉదయభాస్కర్ చెడ్డవాడు కాదు. ఆ స్టేషనుకు కొత్త. జనాన్ని ఊరుకోబెట్టడానికి అన్నాడో, మనస్ఫూర్తిగానే అన్నాడో గానీ, అందరికీ వినబడేలా అన్నాడు.

“ఆవిడ్ని రానివ్వండి. నేనే దగ్గరుండి లోపలికి తీసుకెళ్తాను. పూచీ నాది.”

జనం చప్పట్లు కొట్టారు.

అంతలో ఎవడు విసిరాడో, ఒక రాయి వచ్చి అతని నుదుటికి తగిలింది.

ఇక లాఠీలు లేచాయి. జనం చెప్పులు వదిలేసి తలో దిక్కూ పరుగెత్తారు. రక్తం కళ్ళలోకి కారుతుంటే ఉదయభాస్కర్ తడుముకుంటూ ఆఫీసు వెనక సందులోకి వచ్చి గోడకు జారగిలబడ్డాడు.

“అయ్యో బాబూ!”

కాలువగట్టు వైపు నుంచి గబగబా వస్తున్న ఒకామె ఆగింది. చేలోంచి వచ్చినట్టు కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఉంది. పాదాల నిండా బురద. ఆఫీసు వైపు ఒకసారి చూసింది, అతని వైపు ఒకసారి చూసింది. చర్రున పమిట చెంగు చించింది.

“కదలకండి. గట్టిగా కడితే గానీ ఆగదు.”

“గొడవగా ఉందమ్మా, ఇటెందుకొచ్చారు?”

“ఆఫీసులో పనుందండి. ఇవాళే అవ్వాలి.”

“పింఛను పనా? రేపు చూసుకోవచ్చు లెండి.”

“కాదండి, నేను...”

బూట్ల చప్పుడు. బందోబస్తుకు పక్క స్టేషన్ల నుంచి వచ్చిన కానిస్టేబుళ్ళు సందులోకి దూసుకొచ్చారు.

“ఈవిడేరా! చేతులు చూడండి, రక్తం!”

రెక్కలు పట్టుకుని లాగారు. ఆమె కాళ్ళు నేలకు తన్నిపెట్టింది.

“బాబూ, మీరు చెప్పండి! మీరైనా చెప్పండి!”

ఉదయభాస్కర్ నోరు తెరిచాడు. వెనకే సీఐ వచ్చాడు.

“శభాష్ భాస్కర్! దెబ్బ తగిలినా నిలబడ్డావయ్యా. రాయేసిన మనిషి దొరికింది కదా, చాలు. లాఠీలెందుకు లేపారంటే పైవాళ్ళకి ఏం చెప్పాలా అని చూస్తున్నాను.”

కాదు సార్, అనాలి. ఆ ఒక్క మాట చాలు. అతని నోట రాలేదు.

సాయంత్రం వదిలేద్దాంలే, ఈలోపు ఆవిడకు పోయేదేముంది అనుకున్నాడు. వ్యాను తలుపు వేసేటప్పుడు ఆమె అతన్నే చూసింది. అతను కట్టు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

నిడదవోలులో డాక్టరు దగ్గర నర్సు ఆ చీర ముక్క విప్పి పారేయబోయింది. “ఉంచండి” అని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో అతనికే తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి మైకులో ఏకగ్రీవం చెప్పేశారు. ఊరంతా టపాసులు పేలుతున్నాయి.

ఆఫీసు గేటు దగ్గర హెడ్ కానిస్టేబుల్ అబ్బులు ఎదురొచ్చాడు. “అంతా సద్దుమణిగిందండి సార్. ఆ సువార్తమ్మ చివరిదాకా రాలేదండి.”

పల్లంరాజు వాచిన చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

“మేం దెబ్బలు తిన్నాం. ఆవిడ రాలేదు. అమ్ముడుపోయిందండి, ఇంకేముంది! రేపట్నుంచి మా పేటలో ఆవిడ మొహం ఎవడూ చూడడు.”

నేను తీసుకెళ్తాననే అన్నాను, ఆవిడే రాలేదు అనుకున్నాడు ఉదయభాస్కర్. ఆ మాట అనుకుంటే కాస్త ఊరటగా ఉంది.

స్టేషన్లో ఆమె గోడ పక్కన నేల మీద కూర్చుని ఉంది. సగం చిరిగిన పమిట భుజాల చుట్టూ కప్పుకుంది.

“తీసుకొచ్చిందగ్గర్నుంచి ఒకటే అరుపులండి సార్,” అంది లేడీ కానిస్టేబుల్ నాగదుర్గ. “నేనేం వినలేదండి, ఏదున్నా ఎస్సైగారొచ్చాక చెప్పుకోమన్నాను. ఐదు దాటాక ఇంక ఊరుకుందండి.”

ఉదయభాస్కర్ ఆమె ముందుకు వెళ్ళాడు. మొహం చూడలేకపోయాడు.

“తప్పయిపోయిందమ్మా. అక్కడే చెప్పాల్సింది. భయపడ్డాను. చాలా సిగ్గుగా ఉంది. కేసేం లేదు, జీపులో ఇంటి దగ్గర దింపుతాను.”

ఆమె అతని నుదురు చూసింది.

“కుట్లేశారా బాబూ?”

“వేశారమ్మా. ఆఫీసులో మీ పనేంటో చెప్పండి. రేపు పొద్దున్నే నేనే దగ్గరుండి చేయిస్తాను.”

బయట మళ్ళీ టపాసులు పేలాయి. ఆమె ఆ వైపు చూసింది.

“ఒక్క సంతకం పెట్టాలండి,” అంది. “నేనే సువార్తమ్మని.”