తడి ఆరని సిమెంటు

రుషికొండ మీద నేను కాపలా ఉండే గెస్ట్‌హౌస్‌లో, ఇటుకల చిమ్నీ కింద కట్టెల పొయ్యి బిగించింది మా బావ సింహాద్రి. "రాత్రికి తలుపులన్నీ మూసీసి ఒకపాలి ఎలిగించి సూడు బావా," అని పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

వెలిగించాను. పొగంతా గదిలోకే తిరిగొచ్చింది. ఇంకాసేపుంటే లేచేవాణ్ణి కాదు. పొయ్యి మీద నీళ్లు గుమ్మరించి, బయటపడి బావకి ఫోన్ చేశాను.

"గొట్టం పైదాకా ఏసినావా బావా?"

"ఏసినాను. సెల్లినిచ్చినోడివి, నీకాడ అబద్ధమాడతానేటి? హార్బర్లో ఉన్నాను, పొద్దున్నొచ్చి సూత్తాను."

ఫోన్ పెట్టెయ్యకుండానే నిచ్చెన వేసుకుని డాబా ఎక్కాను. చిమ్నీ నోటికి పలక పెట్టి సిమెంటు పూసేసి ఉంది. ఆ సిమెంటు ఇంకా తడి ఆరలేదు. పని అయ్యాక తడి మీద అరచెయ్యి అద్దడం బావ అలవాటు. అక్కడ చిటికెనవేలు లేని అరచేతి అచ్చు ఉంది. ఐస్ ప్లాంటులో ఆ వేలు తెగిన రోజు, బావని ఆస్పత్రికి మోసుకెళ్లింది నేనే.

"బావా, నువ్వెక్కడున్నావు?"

ఫోన్‌లో నిచ్చెన ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. అదే చప్పుడు డాబా కిందనుంచీ వచ్చింది.